టర్కీ వేటకు వెళ్లే ముందు జాగ్రత్తలు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో వసంతకాలపు టర్కీ కోళ్ల వేటకు బయలుదేరేవాళ్లు ముందు లైసెన్స్, ఆ ఏటి నిబంధనల పుస్తకం సరిచూసుకోండి.

ఈ సీజన్‌లో గడ్డం ఉన్న పక్షినే కొట్టాలి. గడ్డమంటే ముఖాన ఉండేది కాదు, రొమ్ము మధ్య నుంచి గుర్రపు వెంట్రుకల్లా వేలాడే నల్లటి కుచ్చు. పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం కలిసి మెరుస్తుంది. రొమ్ము ఈకల అంచులు నల్లగా ఉంటాయి. పెట్టకి ఆ అంచులు గోధుమరంగు. కొన్ని పెట్టలకూ గడ్డం ఉంటుంది, కానీ నిబంధన చూసేది గడ్డాన్నే; అందుకే రంగు చూసి తొందరపడకండి, కుచ్చు కళ్లారా కనబడాలి. గడ్డిలో దాక్కుని సరిగ్గా కనబడకపోతే ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు. పొదిగే కాలం, ఒక్క పెట్ట పోతే గూడంతా పోతుంది.

ఎరుపు, తెలుపు, నీలం బట్టలు వద్దు, మరో వేటగాడు వాటిని పుంజు తల అనుకోవచ్చు. సాక్స్, జేబురుమాలు కూడా చూసుకోండి.

కూత వినబడిన వైపు పాక్కుంటూ వెళ్లకండి. అది టర్కీని రప్పించడానికి మరో వేటగాడు చేసే కూత కావచ్చు. పెన్సిల్వేనియాలో ఈ సీజన్‌లో టర్కీని ఇలా కూతతో పిలిచి రప్పించాలే తప్ప వెంటాడకూడదు. మీ వెడల్పుకి మించిన చెట్టుకి వీపు ఆనించి కూర్చోండి. ఎవరైనా కనబడితే చెయ్యి ఊపకుండా గట్టిగా మాట్లాడండి.