లేటెక్స్ కణాల సైజు బ్యాచ్‌కో రకంగా వస్తోందా? ముందు సర్ఫాక్టెంట్ డ్రమ్ము చూడండి

సమస్య: ఫార్ములా మారలేదు, ఆపరేటర్ మారలేదు. అయినా నిన్న 120 నానోమీటర్ల కణాలతో వచ్చిన అక్రిలిక్ లేటెక్స్ (నీటిలో సన్నటి పాలిమర్ కణాలు తేలే ద్రవం) ఇవాళ 140 దగ్గర ఆగింది. నీలి ఛాయ పోయి పాలలా తెల్లబడింది, వేళ్ల మధ్య పల్చగా జారుతోంది.

అన్నిటికంటే ముందు, సీడ్ దశ, అంటే మొదటి చిన్న కణాలు పుట్టే దశ, అయ్యాక శాంపిల్ తీసి సైజు కొలవండి. ఎన్నిసార్లు చెప్పినా చివరి శాంపిల్ ఒక్కటే కొలిచి తలపట్టుకుంటారు. సీడ్ బాగుండి చివర్లో సైజు రావాల్సినదానికంటే పెరిగితే కణాలు మధ్యలో అతుక్కుంటున్నాయి. సైజు గ్రాఫులో రెండు పీకులు (శిఖరాలు) వస్తే ఫీడ్ నడుస్తుండగా కొత్త కణాలు పుడుతున్నాయి, ప్రీ ఎమల్షన్‌లో (ఫీడ్‌గా పోసే, పాలిమర్‌గా మారే మోనోమర్, నీళ్ల మిశ్రమం) సర్ఫాక్టెంట్ (కణాలు అతుక్కోకుండా విడిగా ఉంచే సబ్బులాంటి పదార్థం) తగ్గించి చూడండి. సీడే పెద్దదైతే తేడా కణాల పుట్టుకలోనే ఉంది.

కారణం: నన్ను ఒక చలికాలమంతా సతాయించింది ఇదే. సర్ఫాక్టెంట్‌గా వాడే సోడియం లారిల్ సల్ఫేట్ 30 శాతం ద్రావణం 20 డిగ్రీల లోపు చల్లబడితే మసకబారి, గడ్డకట్టడం మొదలవుతుంది. హైదరాబాద్‌లో డిసెంబర్ రాత్రులు 15 కంటే కిందికి దిగుతాయి. చిక్కటిది అడుగుకు చేరి, పైన పల్చటిది మిగులుతుంది. పైనుంచి పంపు పెట్టి తోడితే తూకం సరిగ్గానే ఉంటుంది, అసలు సరుకు మాత్రం ఉండదు. బ్యాచ్ షీట్‌లో తప్పేమీ కనబడదు. అందుకే నేను ఆక్సిజన్‌ను తరిమే నైట్రోజన్‌నీ, చర్యను మొదలుపెట్టే పర్‌సల్ఫేట్‌నీ అనుమానిస్తూ వారాలు పోగొట్టాను.

కణాల సంఖ్యను తేల్చేది ముందుగా రియాక్టర్‌లో వేసే ఆ కొద్దిపాటి సర్ఫాక్టెంటే. అది సగమైతే, స్మిత్, ఎవార్ట్ అనే శాస్త్రవేత్తలు 1948లో ఇచ్చిన లెక్కన (కణాల సంఖ్య సర్ఫాక్టెంట్ మోతాదుకు 0.6 ఘాతంగా మారుతుంది) కణాలు సుమారు మూడో వంతు తగ్గుతాయి. అదే పాలిమర్‌ను తక్కువ కణాలు పంచుకోవడంతో 120 కాస్తా 138 అవుతుంది. అక్రిలిక్‌లలో వాడే మోనోమర్ మిథైల్ మెథాక్రిలేట్ నీటిలో కొంత కరుగుతుంది కాబట్టి అక్రిలిక్‌లకు ఈ లెక్క అచ్చంగా సరిపోదు, అయినా సైజు పెరిగే దిశ మాత్రం అదే.

పరిష్కారం: డ్రమ్మును వెచ్చని గదిలో 30-35 డిగ్రీలకు తెచ్చి, అడుగుదాకా కలిసి తేటపడేవరకు దొర్లించండి. నేరుగా స్టీమ్ వదలొద్దు, నీరు చేరి మళ్లీ పల్చబడుతుంది. పైనుంచి, అడుగునుంచి చెరో శాంపిల్ తీసి ఓవెన్‌లో ఘనపదార్థం చూడండి. రెండింటి శాతం ఒకటైతేనే వాడండి, ఆ శాతాన్ని బట్టే తూకం వేయండి.

పర్‌సల్ఫేట్ తేమ పట్టడం, నీటిలో కాల్షియం, స్టిరర్ వేగం కూడా కారణాలు కావచ్చు. కానీ డ్రమ్ము చూశాకే వాటి జోలికి వెళ్లండి.

సీడ్ పెద్దదైపోయిన బ్యాచ్‌లో తర్వాత సర్ఫాక్టెంట్ పోసి సరిచేయాలని చూడకండి. ఉన్న కణాలు చిన్నవి కావు, పైగా కొత్తవి పుట్టి రెండో పీకు వస్తుంది.