ఐసీయూ బయట ‘డీఐసీ’ అన్న మాట వినబడితే

నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి చికిత్సకోసం చెన్నై వచ్చే తెలుగు కుటుంబాలకు, తమిళమూ ఇంగ్లీషూ కలగలిసిన మాటల నడుమ డాక్టర్లు ‘డీఐసీ’ (డిస్సెమినేటెడ్ ఇంట్రావాస్కులర్ కోయాగ్యులేషన్) అనడం వినబడితే, ముందుగా గ్రహించవలసినది ఒకటుంది. అది విడిగా వచ్చిపడిన మరో జబ్బు కాదు. అప్పటికే ఉన్న తీవ్రమైన జబ్బు వల్ల రక్తం గడ్డకట్టే క్రమం అదుపు తప్పిన స్థితి.

మామూలుగా గాయమైన చోటే రక్తం గడ్డకడుతుంది. డీఐసీలో ఒంటినిండా సన్నని రక్తనాళాల్లో చిన్న చిన్న గడ్డలు ఏర్పడి మూత్రపిండాలకు, ఊపిరితిత్తులకు రక్తం సరిగా అందకుండా చేస్తాయి. ప్లేట్‌లెట్లు, ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ వంటి, రక్తాన్ని గడ్డకట్టించేవన్నీ ఆ గడ్డలకే ఖర్చయిపోవడంతో, సూది గుచ్చిన చోటా చిగుళ్లలోనూ రక్తం ఆగకుండా కారుతుంది. “గడ్డకడుతోందంటారు, రక్తం పోతోందంటారు, ఏది నిజం?” అని బంధువులు డాక్టర్లను అనుమానించేది ఇక్కడే. రెండూ నిజమే, మొదటిదాని వల్లనే రెండోది వచ్చింది.

అందువల్ల “ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయండీ?” అనే ముందు “దీనికి మూలం ఏమిటి, దానికి ఏ చికిత్స జరుగుతోంది?” అని అడగండి. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి), కాన్పుకు ముందే మాయ విడిపోవడం, పెద్ద ప్రమాదాల్లో తగిలే దెబ్బలు, కొన్ని రకాల రక్త క్యాన్సర్లు సాధారణంగా కనబడే మూలాలు. అవి అదుపులోకి రాకుండా ఎంత రక్తం ఎక్కించినా నిలకడ దొరకదు. రక్తపింజరి కాటులోనూ ఇలాగే రక్తం గడ్డకట్టే శక్తి పోతుంది, అయితే అక్కడ ఆ పని విషమే నేరుగా చేస్తుంది కనుక అసలు మందు యాంటీవీనమ్ (పాము విషానికి విరుగుడు). దాని తయారీకి కావలసిన విషాన్ని చెన్నై దగ్గరి వడనెమ్మేలిలో పాములు పట్టే ఇరుళర్ గిరిజనుల సహకార సంఘం సేకరిస్తోంది. కాటు పడ్డాక పసరు మందులతో గడిపే ప్రతి గంటా ప్రాణానికి ముప్పే.

రిపోర్టులో ప్లేట్‌లెట్లు సాధారణంగా మైక్రోలీటరుకు 1.5 నుంచి 4.5 లక్షలు, ఫైబ్రినోజెన్ డెసిలీటరుకు 200 నుంచి 400 మిల్లీగ్రాములు ఉంటాయి. డీఐసీలో ఇవి తగ్గి, డీ-డైమర్ (గడ్డలు కరిగేటప్పుడు రక్తంలోకి వచ్చే ప్రోటీన్ ముక్కలు) పెరుగుతుంది. ఏ ఒక్క అంకెతోనూ నిర్ధారణ జరగదు, పరీక్షలు మళ్లీ మళ్లీ చేసేది అందుకే. నిలకడగా ఉన్న 90,000 కంటే, ఒక్క రోజులో 3 లక్షల నుంచి 1.2 లక్షలకు జారడమే నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తుంది. రక్తస్రావం ఉండి కౌంటు 50,000 లోపుకు పడితే సాధారణంగా ప్లేట్‌లెట్లు, అవసరాన్నిబట్టి ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం), క్రయో (ప్లాస్మా నుంచి తీసిన, ఫైబ్రినోజెన్ ఎక్కువగా ఉండే భాగం) ఎక్కిస్తారు.

ప్లేట్‌లెట్లు మామూలుగా 5 రోజులకు మించి నిల్వ ఉండవు కాబట్టి, రక్తమిచ్చి మగవారైతే 3 నెలలు, ఆడవారైతే 4 నెలలు దాటిన బంధుమిత్రుల పేర్లను గ్రూపులవారీగా మొదటి రోజే రాసి పెట్టుకోండి.