ఏజెన్సీలో కొత్త 132 కేవీ లైను: పెగ్గు కంటే ముందు గ్రామసభ

ఏజెన్సీలో కరెంటు లైను పని చాలాసార్లు టవరు గుంత దగ్గరే ఆగుతుంది. అటవీ అనుమతి వచ్చి, స్టీలు దిగి, కూలీలు గడ్డపార పట్టిన రోజున ఊరంతా వచ్చి అడ్డం కూర్చుంటుంది. అది శంకుదేవుడి చోటనో, పైనున్న ఊట ఎండిపోతుందనో చెబుతారు. ఆ సంగతి ఏడాది ముందే, లైను కంప్యూటర్లో గీతగా ఉన్నప్పుడే తెలిస్తే రెండు యాంగిల్ పాయింట్లు (లైను మలుపు తిరిగే చోట్లు) పక్కకు జరిపితే సరిపోయేది. ఇప్పుడు జరపాలంటే అటూ ఇటూ స్పాన్లు (టవరుకూ టవరుకూ మధ్య దూరాలు) మారతాయి. 2 డిగ్రీల లోపు మలుపుకు తెప్పించిన 'A' టైపు టవరు చోట 15 నుంచి 30 డిగ్రీలకు సరిపడే 'C' టైపు కావాలి. అటవీ అనుమతులకు దరఖాస్తు చేసే పరివేష్ పోర్టల్లో ఇచ్చిన కేఎంఎల్ ఫైలు (లైను దారి మ్యాపు) మారుతుంది, ఫారెస్టు ఫైలు వెనక్కి వస్తుంది. అందుకే ముందు ఊరితో నడక, తర్వాతే పెగ్గు (టవరు చోటుకు గుర్తుగా పాతే సర్వే మేకు).

లైను వేసే ఇంజనీర్లు ముందుగా అది ఎంత చోటు తింటుందో లెక్క వేసుకోండి. 132 కేవీకి కారిడార్ (తీగల కింద లైను పొడవునా పోయే పట్టీ) వెడల్పు 27 మీటర్లు, 220 కేవీకి 35, 400 కేవీకి 46. టవరుకూ టవరుకూ మధ్య 300 మీటర్లు అనుకుంటే, 132 కేవీలో ఒక్క స్పాను కింద 8,100 చదరపు మీటర్లు, అంటే రెండెకరాలు. టవరు కాళ్లు 6 మీటర్ల ఎడంలో ఉంటే, చుట్టూ ఒక మీటరు కలిపినా 64 చదరపు మీటర్లే, సెంటున్నర పైచిలుకు. బేరాలన్నీ టవరు మీద నడుస్తాయి గానీ అసలు నష్టం తీగ కింద ఉంటుంది. ఈ లెక్కను సభలో తాడు పట్టి నేల మీద కొలిచి చూపించండి. మ్యాపు ఒక్కటే చూపిస్తే ఎవరికీ అర్థం కాదు.

చట్టం సంగతి. అటవీ భూమి మళ్లింపులో లైన్ల వంటి పనులకు గ్రామసభ సమ్మతి అక్కర్లేదని కేంద్ర పర్యావరణ శాఖ 2013 ఫిబ్రవరి 5న మినహాయింపు ఇచ్చింది. పీవీటీజీల (మరీ వెనుకబడిన ఆదిమ గిరిజన తెగల) గుర్తించిన హక్కులు దెబ్బతినే చోట మాత్రం ఆ మినహాయింపు వర్తించదు. మన వైపు చెంచులు, కొండరెడ్లు, కోలాంలు, గదబల్లో, పొర్జాల్లో కొన్ని శాఖలవారు ఈ కోవలోకి వస్తారు. కొందరు ఇంజనీర్లు ఆ కాగితం పట్టుకుని సభ ఊసే ఎత్తరు. అది పొరపాటు లెక్క. కాగితం మినహాయించినా గుంత దగ్గర కూర్చున్న మనుషులు మినహాయించరు. పైగా షెడ్యూల్డ్ ఏరియాలో అభివృద్ధి పనులకు భూమి సేకరించాలంటే ముందుగా గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలని 1996 పీసా చట్టం (షెడ్యూల్డ్ ఏరియా పంచాయతీల చట్టం) చెబుతుంది. సబ్‌స్టేషన్‌కు భూమి సేకరిస్తే 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ కింద గ్రామసభ సమ్మతి తప్పనిసరి. ప్రైవేటు కంపెనీ అయితే, ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు బదలాయించకూడదనే 1 ఆఫ్ 70 చట్టాన్నీ, అది ప్రైవేటు కంపెనీలకూ వర్తిస్తుందన్న సుప్రీంకోర్టు 1997 సమత తీర్పునూ దాటలేదు. గిరిజన భూమిని కొనే దారే లేదు. టవరు కింది భూమి మాత్రం రైతు పేరు మీదే ఉంటుంది, లైను వేసుకునే హక్కే మీకు వస్తుంది. ఈ ముక్క మొదటి సభలోనే స్పష్టంగా చెప్పాలి. భూమి పోతుందన్న భయంతోనే సగం గొడవలు మొదలవుతాయి.

మూడు ప్రత్యామ్నాయ దారులు గీసుకుని ఊళ్లోకి వెళ్లండి. ఒక్కటే పట్టుకెళ్తే అది అడగడం అవదు, చెప్పడమవుతుంది. సంత రోజున వెళ్లకండి, ఊళ్లో ఎవరూ ఉండరు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు ఏరడం, ఇటుకల పండగ, ఆ వెంటనే తునికాకు కోత. నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ పండ్ల కోత. ఈ రోజులు వదిలి తేదీ పెట్టండి. మాట్లాడేది కువి, కోయ, గోండి, ఆదివాసీ ఒడియాల్లో ఏదో తెలుసుకుని దుబాసీని ఆ ఊరి నుంచే తీసుకోండి.

నడక ఇలా సాగాలి. ఊరి పెద్ద, ఇద్దరు ఆడవాళ్లు, పశువుల కాపరి, దేవుడి పని చూసే పూజారి, చేతిలో జీపీఎస్‌తో మీ సర్వేయరు. ఆడవాళ్లు లేని నడకలో నీటి ఊటలు, విస్తళ్లు కుట్టే అడ్డాకులు తెచ్చుకునే దారులు మ్యాపులోకి ఎక్కవు. దేవుడి చోట్లు రెవెన్యూ రికార్డులో ఉండవు. చెట్టు కిందో రాయి పక్కనో ఉంటాయి. వాటి చుట్టూ ఎంత దూరం వదలాలో వాళ్లనే చెప్పమనండి, ఆ గీతను మ్యాపు మీద వాళ్ల ముందే గీయండి. పెండింగులో ఉన్న అటవీ హక్కుల క్లెయిములను ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) నుంచి తెప్పించుకుని కలపండి. పట్టా రానంత మాత్రాన సాగు లేదనుకోకూడదు.

తర్వాత సభ. పంచాయతీ కేంద్రంలో ఒకటే సభ పెట్టి చుట్టుపక్కల గూడేలన్నిటికీ సరిపెట్టకండి, గూడెం గూడేనికీ పెట్టండి. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం కోరం సగం మంది సభ్యులు, వచ్చినవారిలో మూడో వంతు ఆడవాళ్లు. దాన్నే కొలబద్దగా పెట్టుకోండి. తీర్మానంలో "లైనుకు ఒప్పుకున్నాం" అని ఒక్క వాక్యం రాస్తే చెల్లదనే అనుకోండి. ఏ దారి, ఏ సర్వే నంబర్లు, ఎన్ని టవర్లు, ఏ చెట్లు ఉంచాలి, ఎప్పుడు పని చేయకూడదు, డబ్బు ఎప్పుడు అందాలి అన్నీ రాసి, మ్యాపు జతచేసి, ఒక ప్రతి ఊళ్లోనే ఉంచండి. సర్పంచి సంతకం ఒక్కటే ఉన్న కాగితం గుంత దగ్గర నిలబడదు.

పరిహారం విషయంలో కేంద్ర విద్యుత్ శాఖ 2024 జూన్ మార్గదర్శకాలు టవరు చోటుకు భూమి విలువలో 200 శాతం, గ్రామాల్లో కారిడార్‌కు 30 శాతం అంటున్నాయి. మీ రాష్ట్రం ఎంత మేరకు జీవో ఇచ్చిందో చూసుకుని మాట ఇవ్వండి. ఎకరం 5 లక్షలైతే పైన చెప్పిన టవరు చోటుకు సుమారు 16 వేలు, ఒక స్పాను కారిడార్‌కు 3 లక్షలు. ఏజెన్సీలో చిక్కేమిటంటే, 1 ఆఫ్ 70 వల్ల అమ్మకాలు లేక రిజిస్ట్రేషన్ విలువ అడుగున ఉంటుంది. ఆ అంకె మీదే శాతాలు వేస్తే రైతు చేతికి చిల్లర మిగులుతుంది. కలెక్టరు చేత విలువ ముందే కట్టించి, సభలో ప్రకటించాకే పని మొదలుపెట్టండి. అటవీ హక్కుల పట్టా ఉన్నవాళ్లను "అడవి భూమే కదా" అని వదిలేయడం మరో పెద్ద తప్పు.

పంట, చెట్ల నష్టం వేరే లెక్క. పునాది, టవరు నిలబెట్టడం, తీగ లాగడం, ఇలా మూడుసార్లు పొలం తొక్కుతారు కాబట్టి మూడుసార్లూ కట్టాలి. పాడేరు, చింతపల్లి వైపు కాఫీ ఆరడుగుల ఎడంలో వేస్తే ఎకరాకు 1,210 మొక్కలు పడతాయి. నీడనిచ్చే సిల్వర్ ఓక్ కొట్టేస్తే కింద కాఫీ, దాని మీదికి పాకించిన మిరియం తీగ కూడా పోతాయి. మూడూ లెక్కలోకి రావాలి. అడవిలో కారిడార్ మొత్తం నరకక్కర్లేదు. తీగ లాగడానికి ఒక్కో కండక్టరు (కరెంటు తీగ) కింద సన్నని పట్టీ చాలు, మిగతాచోట 132 కేవీకి చెట్టుకూ తీగకూ 4 మీటర్ల ఎడం మిగిలేలా కొమ్మలు కొడితే సరి. జీలుగు, చింత, పనస ఉన్న చోట టవరు ఎత్తు పెంచితే ఎన్ని చెట్లు మిగులుతాయో ప్రొఫైల్ (లైను వెంట నేల ఎత్తుపల్లాల గీత) మీద చూసి చెప్పండి.

సభలో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే: "మా ఊరికి కరెంటు వస్తుందా?" 132 కేవీ తీగ నుంచి ఊరికి నేరుగా ఇవ్వడం కుదరదని దాచకుండా చెప్పండి. ఇవ్వాలంటే 33/11 కేవీ సబ్‌స్టేషన్, 11 కేవీ లైను, ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) పని. కాబట్టి సభకు డిస్కం ఏఈని వెంట తీసుకెళ్లండి, కరెంటు లేని గూడేల జాబితాకు తేదీలు ఆయన చేతే రాయించండి. అల్లూరి జిల్లాకు ఈపీడీసీఎల్, ములుగు, ఆసిఫాబాద్ వైపు ఎన్పీడీసీఎల్.

కెనడాలోని ఒంటారియోలో దీనికంటే చాలా ముందుకు వెళ్లారు. వతైనికనేయప్ పవర్‌లో 24 ఫస్ట్ నేషన్ తెగలకు కలిపి 51 శాతం వాటా ఉంది. సుమారు 1,800 కిలోమీటర్ల లైన్లు, డీజిల్ మీద బతికే 17 ఊళ్లను గ్రిడ్‌కు కలపడం దాని పని. 2018 డిసెంబరులో మొదట పికాంజికమ్ వెలిగింది. అక్కడ ఊళ్లకు కరెంటు ఇవ్వడమే లైను ఉద్దేశం, మన 132 కేవీ ఊళ్ల మీదుగా దాటిపోయేది. వాటా దాకా రాకపోయినా చెట్ల కొమ్మలు కొట్టే వార్షిక పని, సామాను మోత, రాతికట్టుళ్లు ఊరి సంఘాలకే ఇస్తామని టెండరు షరతుల్లోనే రాయించవచ్చు. నోటిమాటగా చెబితే కాంట్రాక్టరు మారగానే పోతుంది.

పని వేళ రెండే జాగ్రత్తలు. కొండవాలులో తవ్విన మట్టిని కిందికి తోయకండి, మొదటి వానకే కింది వరిమడి మీద పడుతుంది. వాలుకు తగ్గట్టు కాళ్ల పొడవు మార్చి తవ్వకం తగ్గించి, రాతికట్టు కట్టాలి. రాతినేలలో ఎర్తింగ్ 10 ఓమ్‌ల లోపు రాకపోతే కౌంటర్‌పాయిజ్ తీగ (టవరు కాళ్ల నుంచి నేలలో పొడవుగా పోయే ఎర్తు తీగ) పాతాలి, అది పొలంలోంచి పోతుంది కాబట్టి దానికీ ముందే రైతు ఒప్పుదల తీసుకోండి.

ఛార్జింగ్‌కు (లైనులోకి మొదటిసారి కరెంటు వదలడానికి) వారం ముందు సంతలో ఒకసారి, ప్రతి గూడెంలో ఒకసారి వాళ్ల భాషలోనే చాటింపు వేయించండి. తీగకూ నేలకూ కనీస ఎడం 6.1 మీటర్లు. నిలువుగా పట్టిన వెదురు గెడకు అది చాలదు. తీగ కింద పోడు కాల్చకూడదని, గడ్డివాము వేయకూడదని అప్పుడే చెప్పాలి.