మిన్నెసోటాలో లేక్ ఒడ్డున ఇల్లు కొన్నవారికి: డాక్, ఒడ్డు జాగ్రత్తలు

లేక్ ఒడ్డున ఇల్లు కొన్న మనవాళ్లు మొదటి చలికాలానికి ఫర్నేస్, పైపులు, స్నో బ్లోవర్ అన్నీ సరిచూసుకుంటారు. డాక్ (ఒడ్డు నుంచి నీళ్లలోకి వేసే, పడవ కట్టుకునే వేదిక) సంగతి చాలామందికి తట్టదు. ఏప్రిల్‌లో ఐస్ కరిగాక చూస్తే డాక్ కాళ్లు వంగిపోయి ఉంటాయి. అందుకే అక్టోబర్‌లోనే పని మొదలుపెట్టండి.

గడ్డకట్టిన ఐస్ కదలకుండా ఉండదు. చలి ముదిరితే ముడుచుకుని పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లలోకి కింది నీళ్లు ఎక్కి అవీ గడ్డకడతాయి. తర్వాత కాస్త వేడెక్కగానే ఐస్ సాగుతుంది, అప్పుడు దానికి పాత చోటు చాలదు, ఒడ్డు మీదికి నెట్టుకొస్తుంది. చలికాలమంతా ఇదే మళ్లీ మళ్లీ జరుగుతుంది. పైన స్నో దట్టంగా ఉంటే ఉష్ణోగ్రత మార్పులు ఐస్‌కు అంతగా తగలవు. కాబట్టి స్నో తక్కువ పడిన ఏడాదే ఒడ్డుకు ప్రమాదం ఎక్కువ. రాత్రిపూట లేక్ వైపు నుంచి ఢాంమని పెద్ద శబ్దాలొస్తే టెన్షన్ పడకండి, ఐస్ పగిలే చప్పుడే అది. వసంతంలో చూస్తే పచ్చిక, మట్టి, రాళ్లు కలిసి చాప చుట్టినట్టు పైకి లేచి ఉంటాయి. దాన్నే ఇక్కడ ఐస్ రిడ్జ్ అంటారు.

డాక్‌ను బయటికి తీసేయడమే అసలైన రక్షణ. చక్రాల డాక్ అయితే ఒడ్డు మీదికి లాగి, నీటి అంచుకు వీలైనంత దూరంగా పెట్టండి. విడి ముక్కలదైతే పలకలు ముందు తీసి, కాళ్ల దగ్గరి స్క్రూలు వదులుచేసి ఒక్కో సెక్షన్ మోసుకురావాలి. విప్పేటప్పుడే ప్రతి సెక్షన్‌కీ వరుసగా నంబరు రాసుకుంటే వసంతంలో తలనొప్పి ఉండదు. బోట్ లిఫ్ట్‌నూ (పడవను నీటిపైకి ఎత్తి నిలిపే స్టాండ్) వదిలేయకండి. కాళ్లు నీళ్లలోనే ఉంటే ఐస్ వాటిని పట్టేస్తుంది, నీటిమట్టం పెరిగినప్పుడు తనతోపాటు పైకి లాగేస్తుంది.

డాక్ చుట్టూ నీళ్లు గడ్డకట్టకుండా గాలి బుడగలు పంపే యంత్రం పెడదామనుకుంటే ముందు డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) పర్మిట్ కావాలి. పేపర్లో ప్రకటన ఇవ్వాలి, ఐస్ పల్చగా ఉందని హెచ్చరిక బోర్డులు పెట్టాలి. ఆ ఐస్ మీద నడిచేవాళ్లు, స్నోమొబైల్ నడిపేవాళ్లు ఉంటారు, కాబట్టి ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం. నన్నడిగితే ఇంటి డాక్ కోసం ఆ జోలికే వెళ్లొద్దు.

ఒడ్డుకు నిటారుగా కాంక్రీట్ గోడ కట్టించాలనీ అనిపిస్తుంది. ఐస్ తోపుకు అలాంటి గోడలు పగులుతాయి, ఒరిగిపోతాయి. వాలుగా పేర్చిన సహజమైన రాళ్ల మీదైతే ఐస్ పైకి జారుతుంది. ఒడ్డు కోతపడే చోట 6 నుంచి 30 అంగుళాల రాళ్లను, 3 అడుగుల అడ్డం దూరానికి 1 అడుగు ఎత్తు మించని వాలుతో పేర్చుకోవచ్చు. లోతుగా వేళ్లూనే స్థానిక మొక్కలు, గడ్డి పెంచితే మట్టి ఇంకా గట్టిగా నిలుస్తుంది. నీటి అంచుదాకా లాన్ పెంచే అలవాటు మానుకోవడం మంచిది, దాని వేళ్లు పైపైనే ఉంటాయి.

ఐస్ రిడ్జ్ లేస్తే వెంటనే పార పట్టొద్దు, ముందు ఫొటోలు తీయండి. ఆ ఏడాదే లేచినదై, 200 అడుగుల లోపు ఒడ్డు మీదే ఉంటే చాలాసార్లు డీఎన్ఆర్ పర్మిట్ లేకుండానే సర్దుకోవచ్చు. ఇసుక, గులకరాళ్లను మునుపటి స్థాయికి చదును చేయవచ్చు. బురద, బంకమట్టిని మాత్రం పైకి తరలించాలి, లేక్‌లోకి తోయకూడదు. కౌంటీ వాళ్ల నియమాలు వేరుగా ఉంటాయి, వాళ్లనూ అడగండి.

ఇన్సూరెన్స్ పేపర్లు ఇప్పుడే తీసి చదవండి. డాక్‌కు, గోడలకు ఐస్ ఒత్తిడి వల్ల జరిగే నష్టాన్ని చాలా హోమ్ పాలసీలు మినహాయిస్తాయి. 2013 మే నెలలో మిల్ లాక్స్ లేక్ మీద గాలి తోసిన ఐస్ ఏకంగా ఇళ్ల గోడల్ని, కిటికీల్ని తాకింది. అంతటి గాలిని ఎవరూ ఆపలేరు, కనీసం పాలసీలో ఏముందో తెలిసి ఉండాలి.

ఎవరి దగ్గరైనా వాడిన డాక్ లేదా లిఫ్ట్ కొంటే, మీ లేక్‌లో దించే ముందు 21 రోజులు ఆరబెట్టడం చట్టం. జీబ్రా మసెల్స్ (లేక్‌లకు హాని చేసే చిన్న ఆల్చిప్పలు) ఒక లేక్ నుంచి ఇంకో లేక్‌కు పాకకుండా ఈ నియమం పెట్టారు. మార్చిలోనే కొని ఇంటి దగ్గర పెట్టుకుంటే ఐస్ పోయేసరికి గడువు తీరిపోతుంది.