రేడియేషన్ అయిన ఏళ్లకి మానని పుండా? ఆక్సిజన్ ఛాంబర్‌కి ఇలా వెళ్లండి

మా బాబాయికి దవడకి రేడియేషన్ ఇచ్చిన మూడేళ్లకి పన్ను పీకిస్తే ఆ గాయం మానలేదు, వేలితో తడిమితే ఎముక తగిలేది. రేడియేషన్‌కి సన్నటి రక్తనాళాలు దెబ్బతిని అక్కడికి ఆక్సిజన్ సరిగా అందదు, ఛాంబర్‌లో మామూలు గాలికి రెండు, రెండున్నర రెట్ల ఒత్తిడిలో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలిస్తే కొత్త నాళాలు మెల్లగా పుట్టే అవకాశం ఉంది. అందరికీ పనిచేస్తుందని మాత్రం అనుకోవద్దు.

ముందు మీ క్యాన్సర్ డాక్టర్‌ని కలిసి, అది జబ్బు తిరగబెట్టడం కాదని తేల్చుకోండి. ఛాతీ ఎక్స్‌రే, చెవుల పరీక్ష చేయించుకోండి. గతంలో బ్లియోమైసిన్ అనే కీమో మందు ఎక్కించి ఉంటే తప్పకుండా చెప్పండి.

సిట్టింగ్ గంటన్నర నుంచి రెండు గంటలు, వారానికి ఐదు రోజులు, మొత్తం 30 నుంచి 40 దాకా. గుంటూరు నుంచి బెజవాడ రోజూ తిరగాలంటే వారధి మీద ట్రాఫిక్ కూడా లెక్కేసుకోండి, మే నెల ఎండల్లో అయితే చుట్టాలింట్లో దిగడమే నయం.

తలకి కొబ్బరి నూనె రాయొద్దు (మా బాబాయిని ఒకరోజు ఇందుకే వెనక్కి పంపారు), నూలు బట్టలే వేసుకోండి, ఫోన్, లైటర్ బయటే. చెవులు దిబ్బడేస్తే గుటకలు మింగండి, నొప్పెడితే ఓర్చుకోకుండా వెంటనే చెప్పండి. షుగర్ పడిపోవచ్చు, ఏదైనా తిని వెళ్లండి. చూపు కాస్త మారినా కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, అప్పుడే కొత్త కళ్లద్దాలు చేయించకండి.