నేషనల్ ఫారెస్ట్‌లో మారుమూల ట్రెయిల్‌కి వెళ్లేముందు

అమెరికాలో నేషనల్ పార్కులు తిరిగిన ధీమాతో నేషనల్ ఫారెస్ట్ లోపలికి వెళ్లకండి. పార్కుల్లోలా మలుపు మలుపుకీ బోర్డులు, అడిగితే చెప్పే సిబ్బంది ఇక్కడ ఉండరు. ఫోన్ సిగ్నల్ మీద ఆశ వదిలేసుకోండి.

బయల్దేరేముందు ఇంటి దగ్గరుండే ఒకరికి మెసేజ్ పెట్టండి. "వీకెండ్ హైకింగ్‌కి వెళ్తున్నాం" అంటే చాలదు. ట్రెయిల్‌హెడ్ (నడక దారి మొదలయ్యే చోటు) పేరు, కారు నంబరు, రాత్రి ఎక్కడ ఆగుతారు, "ఆదివారం రాత్రి 8 లోపు ఫోన్ రాకపోతే ఫలానా కౌంటీ షెరీఫ్ ఆఫీసుకి చెప్పు" అనే గడువు, అన్నీ రాయండి. పశ్చిమ రాష్ట్రాల్లో తప్పిపోయినవాళ్ల గాలింపు చాలావరకు షెరీఫ్‌దే, అంటే కౌంటీ (మన జిల్లా లాంటిది) పోలీసు అధికారిదే బాధ్యత. ఏ కౌంటీయో తెలియకపోతే అక్కడే గంటలు పోతాయి. శాటిలైట్ మెసెంజర్ (ఫోన్ సిగ్నల్ లేకపోయినా ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే పరికరం) ఉంటే చార్జింగ్‌తో పాటు సబ్‌స్క్రిప్షన్ కూడా చూసుకోండి.

రేంజర్ స్టేషన్‌కి (అక్కడి అటవీ ఆఫీసు) ఫోన్ చేసి రోడ్డు తెరిచారా, పర్మిట్ కావాలా, మంట వేసుకోనిస్తారా అని అడగండి. వాగుల సంగతి కూడా.

ఎలుగుల కన్నా నాకు వాగులంటేనే ఎక్కువ భయం. మంచు కరిగే రోజుల్లో పొద్దున సులువుగా దాటిన వాగు సాయంత్రానికి ఉరకలేస్తుంది. దిగేముందు బ్యాగు నడుం బెల్టు, ఛాతీ క్లిప్పు విప్పేయండి. జారితే బ్యాగుని వదిలించుకోవాలి. వట్టికాళ్లతో దిగొద్దు. కర్రతో లోతు చూసుకుంటూ, ప్రవాహం వచ్చే వైపు ముఖం పెట్టి పక్కకి జరగండి. అడుగున రాళ్లు దొర్లే చప్పుడు వినబడిందా, ఇక దాటే ఆలోచన మానుకోండి.

ఎలుగుల విషయానికొస్తే, తిండే కాదు, టూత్‌పేస్టు కూడా టెంట్‌లో ఉండకూడదు. కాలిఫోర్నియాలోని ఇన్యో ఫారెస్ట్‌లో చాలాచోట్ల బేర్ క్యానిస్టర్ (ఎలుగులు తెరవలేని తిండి డబ్బా) తప్పనిసరి. గ్రిజ్లీలు (పెద్ద గోధుమరంగు ఎలుగులు) తిరిగే మోంటానా, వ్యోమింగ్ వైపు బేర్ స్ప్రే (ఎలుగు మీదికొస్తే కొట్టే మిరప ఘాటు స్ప్రే) నడుముకే ఉండాలి, బ్యాగు అడుగున ఉంటే దండగ. విమానంలో తీసుకెళ్లనివ్వరు కాబట్టి అక్కడికెళ్లాకే కొనుక్కోండి.

నీళ్లెంత తేటగా ఉన్నా విరేచనాలు పట్టించే జియార్డియా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం, 6,500 అడుగులు దాటితే మూడు నిమిషాలు మరిగించాలి. జీన్స్, కాటన్ వద్దు. తడిస్తే ఆరవు, వణుకు పుట్టిస్తాయి.

కొలరాడో కొండల్లో జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం దాటితే పిడుగుల భయం. మధ్యాహ్నానికల్లా చెట్లు లేని ఎత్తుల నుంచి దిగిపోయేలా, ఎన్నింటికి వెనక్కి తిరగాలో కారు దగ్గరే అందరూ ఒప్పుకోండి. శిఖరం కళ్లముందు కనబడ్డాక "ఇంకో అరగంటే కదా" అనేవాళ్లు గుంపులో ఒకరైనా ఉంటారు, వాళ్లతో అక్కడ వాదించడం కష్టం.