బరంపురం పెళ్లికి శుభలేఖలు: ముందు ఏం పంపాలి, తర్వాత ఏం పంపాలి

ఒడిశాలోని మా బరంపురంలో ఒక్క భాషలో పెళ్లి కార్డు వేయిస్తే పనవదు. చుట్టాలేమో ఇచ్ఛాపురం నుంచి విశాఖ దాకా, ఇరుగుపొరుగేమో ఒడియావాళ్లు. ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఒడియా వేయించండి. తేదీ, వేదిక, ఫోన్ నంబరు మాత్రం ఇంగ్లీషులోనూ ఉంటే చాలు, మొత్తం మూడు భాషల్లో పెడితే అది కరపత్రంలా తయారవుతుంది.

కార్డు కంటే ముందు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టాలి. 2024 నవంబరు నుంచి రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, కాబట్టి ముహూర్తం కుదిరిన వెంటనే తేదీ చెప్పేస్తే హైదరాబాదు, బెంగళూరు వాళ్లు టికెట్లు చూసుకుంటారు. ఊరి పేరు దగ్గర జాగ్రత్త, పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలో ఇంకో బరంపురం ఉంది. రైల్వేలో మన స్టేషను పేరు బ్రహ్మపుర్, కోడ్ బీఏఎం. అదే రాసి, పక్కన గంజాం జిల్లా, ఒడిశా అని పెట్టండి.

ఇక అసలు తలనొప్పి తిథి. మనకి నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒడియా పంజికలో, అంటే వాళ్ల పంచాంగంలో, పున్నమితో. ముహూర్తం శుక్ల పక్షంలో ఉంటే గొడవే లేదు, ఇద్దరికీ నెల పేరు ఒకటే. బహుళంలో పడితే మాత్రం మన వైశాఖ బహుళ పంచమి వాళ్లకి జ్యేష్ఠ కృష్ణ పంచమి అవుతుంది. తెలుగు వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఒడియాలోకి దింపారంటే, పంజిక తిరగేసే పెద్దాయన పెళ్లి నెల కిందటే అయిపోయిందనుకుంటారు. ఒడియా వైపు తిథి వాళ్ల పురోహితుడి చేతే రాయించండి.

అర్ధరాత్రి ముహూర్తాలది ఇంకో కథ. మా తమ్ముడి పెళ్లి శనివారం రాత్రి పన్నెండు దాటాక 1.48కి. కార్డులో 'ఆదివారం రాత్రి 1.48' అని పడింది. లెక్కకి తప్పేం కాదు, కానీ రాయగడ మావయ్య ఆదివారం సాయంత్రం సూట్‌కేసుతో దిగేసరికి కుర్రాళ్లు కుర్చీలు వ్యానుకెక్కిస్తున్నారు. ఆయన ఒక్క మాట అనలేదు, ఒక కుర్చీ దింపించుకుని కూర్చున్నారు, అంతే. అందుకే 'శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం' అని రాసి, రెండు తేదీలూ వేయండి. విందు టైము వేరే లైన్లో, పెద్ద అక్షరాల్లో ఉండాలి (చాలామంది వెతికేది దాన్నే కదా).

ప్రెస్సులో కంపోజ్ చేసే అబ్బాయికి తెలుగు రాకపోవచ్చు. మీరు పంపిన ఫైలు వాళ్ల కంప్యూటర్లో తెరిస్తే ఒత్తులు ఒక చోట, అక్షరాలు ఒక చోట. పీడీఎఫ్ చేసి పంపండి, కాగితం మీద ప్రూఫ్ తీయించి తెలుగు చదివే ఇద్దరికి ఇవ్వండి. మాకు వరుడి పేరు ముందు చి.ల.సౌ. పడింది! స్టిక్కర్లతో సరిచేశాం, మా తమ్ముడు ఇప్పటికీ అందరి చేతా మాటలు పడుతున్నాడు. పేర్లు ఇంగ్లీషులో రాసేచోట ఆధార్‌లో ఉన్న స్పెల్లింగే వాడండి, పెళ్లి రిజిస్ట్రేషన్‌కి చాలా చోట్ల ఈ కార్డు అడుగుతారు.

ఎన్ని వేయించాలంటే, మనుషుల్ని కాదు, ఇళ్లని లెక్కపెట్టి ఓ పాతిక కలపండి. తర్వాత మళ్లీ కొన్నే వేయించాలంటే కార్డుకి ధర బాగా పెరుగుతుంది.

నాలుగు మూలలా పసుపు రాసి మొదటిది దేవుడి దగ్గర పెడతాం. ఒడియావాళ్లు పూరీ జగన్నాథుడికి పంపుతారు, మా ఇంట్లో ఒకటి ఆయనకి, ఒకటి సింహాచలం అప్పన్నకి. దగ్గరివాళ్లని మాత్రం ఇంటికెళ్లి బొట్టు పెట్టి పిలవాల్సిందే, కార్డు పోస్టులో వచ్చిందంటే అత్తయ్యలు జన్మంతా గుర్తుపెట్టుకుంటారు. ఒడియావాళ్లకి కార్డుతో పాటు ఒక వక్క ఇస్తే మర్యాద తెలిసినవాళ్లనుకుంటారు. దూరం ఊళ్లకి నెల ముందే పోస్టు చేసేయండి.

పెళ్లయ్యాక థాంక్యూ కార్డులు మనకి అలవాటు లేదు, బలవంతంగా తెచ్చుకోనక్కర్లేదు. సారె పంచే ప్యాకెట్లో రెండు భాషల్లో చిన్న చీటీ పెడితే చాలు: 'వచ్చి ఆశీర్వదించినందుకు నమస్కారాలు', కింద కొత్త దంపతుల పేర్లు. రాలేకపోయి చదివింపులు పంపినవాళ్ల పేర్లు పుస్తకంలోంచి విడిగా రాసుకుని, వాళ్లకి పెళ్లికూతురితోనో పెళ్లికొడుకుతోనో ఫోన్ చేయించండి, వారం లోపల. మిగిలిన కార్డుల్లో నాలుగు రిజిస్ట్రేషన్ కాగితాల ఫైల్లో పడేయండి.